ఊరంతా కలిసి కొనుక్కున్న జట్టు

(పిల్లల మీద లైంగిక హింస – మన పని పద్ధతులు అనే అంశంపై జరిగిన కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల సమావేశంలో మగపిల్లల ఆటల జట్టు చరిత్ర చెప్తానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. అదీ ఎక్కడో కెనడాలో, మంచు మీద ఆడే హాకీ. నిన్న ఉదయం నుంచి మీరంతా హాస్టళ్ళ గురించి, వార్డెన్ల గురించి చెప్పారు. 'ఊరి పరువు' అనే మాట అడ్డుపెట్టి ఫిర్యాదుల్ని ఎలా తొక్కేస్తారో చెప్పారు. నేను చెప్పబోయే ఊరికి మన ఊళ్ళతో ఏ చుట్టరికమూ లేదు. కాని అక్కడ జరిగినదంతా మొదటి నుంచి చివరిదాకా, కోర్టు తీర్పులతో సహా, బయటపడి ఉంది. మన దగ్గర చాలా కేసులు సగంలోనే ఆగిపోతాయి కాబట్టి కథ పూర్తిగా మన కళ్ళకు కనపడదు. ఇక్కడ కనపడుతుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందు ఆట గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఐస్ హాకీ అంటే కాళ్ళకు పదునైన బ్లేడులున్న బూట్లు వేసుకుని గడ్డకట్టిన మంచు నేల మీద జారుతూ ఆడే ఆట. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఎదుటివాణ్ణి భుజంతో గుద్ది గోడకేసి కొట్టడం ఆటలో భాగమే. కెనడాలో మగపిల్లవాడు నడక నేర్చిన రెండు మూడేళ్ళకే ఈ మంచు మీదకు వెళ్తాడు. వాళ్ళందరి కళ్ళూ ఉండేది నేషనల్ హాకీ లీగ్ మీద. అది కోట్ల డాలర్ల వ్యాపారం. దానికి చేర్చే మెట్టు జూనియర్ హాకీ. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ వయసు కుర్రాళ్ళు ఇందులో ఆడతారు. పశ్చిమ కెనడాలో ఈ పోటీలు నడిపేది వెస్టర్న్ హాకీ లీగ్.

ఈ మెట్టు ఎక్కాలంటే చాలామంది పిల్లలు ఇల్లు వదలాలి. వందల కిలోమీటర్ల దూరంలో ఏ జట్టు పిలిస్తే అక్కడికి వెళ్ళాలి. వద్దనుకుంటే ఆ జట్టు మరో జట్టుకు మార్చేస్తుంది. ఈ మార్పిడిని వాళ్ళు 'ట్రేడ్' అనే అంటారు. పదిహేడేళ్ళ పిల్లవాడి విషయంలో వర్తకం అనే మాట అంత మామూలుగా వాడుకలో ఉండటం నన్ను ఆలోచనలో పడేసింది.

ఇక ఊరు. పేరు స్విఫ్ట్ కరెంట్. సస్కాచువాన్ రాష్ట్రంలో గోధుమ పొలాలూ పశువులూ నూనె బావులూ ఉన్న మైదాన ప్రాంతం. జనాభా పదహారు వేల చిల్లర. చలికాలంలో సున్నాకు ఇరవై డిగ్రీలు కిందకి పోవడం మామూలు. సాయంత్రం పూట జనమంతా ఒక్కచోట చేరాలంటే ఉన్నది హాకీ రింకే. ఈ ఊళ్ళో బ్రాంకోస్ అనే జట్టు 1967లో మొదలైంది. 1974లో ఆ జట్టు పక్క రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్‌కు వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళ తర్వాత, 1986లో, ఊరివాళ్ళు డబ్బు పోగుచేసి దాన్ని తిరిగి కొనుక్కొచ్చారు. ఏ పెట్టుబడిదారుడిదీ కాదు, ఊరి సొత్తు. ఇప్పటికీ అంతే.

సహకార సంఘాలతో పనిచేసిన మనకు ఈ మాట వినగానే సంతోషం కలుగుతుంది. నాకూ కలిగింది. కాని ఉమ్మడి ఆస్తి అన్నప్పుడు మనం ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఇక్కడ జట్టుకు కోచ్‌గానూ జనరల్ మేనేజర్‌గానూ పెట్టుకున్నది ఒక్కడినే. పేరు గ్రేహమ్ జేమ్స్. ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని ఆడించాలి, ఎవర్ని బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఎవర్ని వేరే ఊరికి పంపేయాలి అన్నీ అతనే చూసుకునేవాడు. పెద్ద లీగ్ నుంచి ఆటగాళ్ళ కోసం వచ్చే ప్రతినిధులు ముందు అడిగేది కూడా అతన్నే. ఒక పిల్లవాడి రేపటి రోజంతా ఒక మనిషి నోటి మాట మీద ఆధారపడి ఉంది. అతనేమో చదువుకున్నవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు, గుద్దులాటకు బదులు నేర్పుతో ఆడాలని చెప్పే కోచ్ అని పేరు. హింసించేవాడు మొరటుగా ఉంటాడనే అభిప్రాయం మనలోనూ ఉంది, దాన్ని కాస్త పక్కన పెట్టాలి.

మరి ఈ పిల్లలు ఎక్కడ ఉంటారు? హాస్టల్ లేదు. ఊళ్ళో కుటుంబాలు ఒక్కొక్కరినో ఇద్దరినో ఇంట్లో పెట్టుకుంటాయి. వీటిని 'బిల్లెట్' ఇళ్ళంటారు. పూర్వం సైనికుల్ని జనం ఇళ్ళల్లో దించే పద్ధతి ఉండేది, ఆ మాటే ఇక్కడికి వచ్చింది. జట్టు ఇచ్చే డబ్బు తిండి ఖర్చుకు సరిపడేంత. మిగతాదంతా ఆ ఇంటి ఆడవాళ్ళ చాకిరీ. ఎదిగే కుర్రాడు, రోజూ గంటల తరబడి మంచు మీద ఒళ్ళు విరిచేసుకునేవాడు, ఎంత తింటాడో మీకు చెప్పక్కర్లేదు. చెమటతో కంపుకొట్టే బట్టలు ఉతకాలి. అర్ధరాత్రి దాటి బస్సు వస్తే తలుపు తియ్యాలి. ఇంటి మీద బెంగపెట్టుకుంటే ఊరడించాలి. స్కూలు నుంచి కబురొస్తే వెళ్ళాలి. ఆ ఊళ్ళల్లో వీళ్ళని 'బిల్లెట్ అమ్మ' అని ప్రేమగానే పిలుస్తారు. చాలామంది ఆటగాళ్ళు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళతో బంధం నిలుపుకున్నారు.

నా అభిప్రాయంలో ఈ కథకు కీలకం ఇక్కడే ఉంది. పిల్లవాడు అన్నం మానేశాడని, నిద్రపోవడం లేదని, తాగి వచ్చాడని, మాట్లాడటం తగ్గించాడని మొదట కనిపెట్టగలిగేది ఈ ఆడవాళ్ళే. జట్టు వ్యవహారంలో మాత్రం వాళ్ళకు స్థానం లేదు. కోచ్‌ను పిలిచి 'ఈ పిల్లవాణ్ణి వారానికి రెండు సాయంత్రాలు నీ ఇంటికి ఎందుకు రమ్మంటున్నావు' అని అడిగే హక్కు ఎవరూ వాళ్ళకు ఇవ్వలేదు. అడిగితే చెప్పడానికి కారణం కూడా సిద్ధంగా ఉంది. చదువులో వెనకబడ్డాడు, పాఠాలు చెప్తున్నాను అంటాడు. మన ఇళ్ళల్లో పిల్లల బాధ్యతంతా ఆడవాళ్ళదే, పిల్లల మీద అధికారం మాత్రం మరొకరిది. అక్కడ ఆ పద్ధతి ఒక ఇంటిదాకా ఆగలేదు. ఊరంతా అలాగే నడిచింది.

షెల్డన్ కెన్నెడీ మానిటోబా రాష్ట్రంలో ఒక పల్లెటూరి పిల్లవాడు. 1969లో పుట్టాడు. మంచి ఆటగాడని చిన్నప్పుడే పేరొచ్చింది. పద్నాలుగేళ్ళ వయసులో జేమ్స్ చేతికి చిక్కాడు. జేమ్స్ ఏ జట్టుకు వెళ్తే అక్కడికి ఇతన్నీ లాక్కెళ్ళాడు. అలా స్విఫ్ట్ కరెంట్‌కు వచ్చాడు. మంగళవారం, గురువారం కోచ్ ఇంటికి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి అదే లెక్క. ఇంతకంటే వివరాల్లోకి నేను వెళ్ళను, వెళ్ళక్కర్లేదు కూడా. తోటి కుర్రాళ్ళకు ఏదో జరుగుతోందని తెలుసు. డ్రెస్సింగ్ రూములో గుసగుసలు, వెకిలి జోకులు నడిచేవి. 'మగతనం' గురించి నిత్యం గొప్పలు చెప్పుకునే ఆ గదిలో ఒక మగపిల్లవాడు 'నా మీద అత్యాచారం జరుగుతోంది' అని ఎలా చెప్తాడు? చెప్తే నువ్వు మగాడివే కాదంటారు. ఆడపిల్ల చెప్తే నువ్వు మంచి ఆడదానివి కాదంటారు. మాట తేడాగానీ నోరు మూయించే పద్ధతి ఒక్కటే.

1986 డిసెంబరు 30. జట్టు తిరిగొచ్చిన మొదటి సీజను. రెజైనా నగరంలో ఆడటానికి బస్సులో బయల్దేరారు. ఊరు దాటి ఎంతో దూరం పోలేదు. రోడ్డు మీద కంటికి కనపడని పల్చటి మంచు పొర మీద బస్సు జారి కిందకి దూసుకుపోయింది. వెనక సీట్లలో పేకాడుకుంటున్న నలుగురు చనిపోయారు. ట్రెంట్ క్రెస్, స్కాట్ క్రూగర్, క్రిస్ మాంటికా, బ్రెంట్ రఫ్. చివరి పిల్లవాడికి పదహారేళ్ళు. కెన్నెడీ ఆ బస్సులోనే ఉన్నాడు, బతికాడు. జేమ్స్ కూడా బతికాడు.

ఊరు విలవిల్లాడింది. నలుగురు పిల్లల జెర్సీ నంబర్లు 8, 9, 11, 22. నాలుగు రెక్కల ఆకు బొమ్మ మీద ఆ నంబర్లు కుట్టించి జట్టు చొక్కాల మీద వేసుకున్నారు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతికి ఆ నలుగురి పేరు పెట్టారు. ఆ దుఃఖంలో ఎవరికీ అనుమానం లేదు. బతికిన పిల్లలతో మాట్లాడటానికి, వాళ్ళ భయాన్నీ బాధనీ వినడానికి కౌన్సిలర్లను పంపిస్తామని ముందుకొచ్చినవాళ్ళను మాత్రం జేమ్స్ రానివ్వలేదు. మా సంగతి మేమే చూసుకుంటాం, బయటివాళ్ళు అక్కర్లేదు అన్నాడు. అప్పట్లో ఊరివాళ్ళకు అది ధైర్యంగా, కుటుంబం లాంటి ఐక్యతగా కనిపించింది. జనవరిలోనే మళ్ళీ ఆట మొదలైంది. నోరు విప్పడం అలవాటైతే పిల్లలు బస్సు ప్రమాదం దగ్గరే ఆగరని అతనికి తెలుసునని ఆ జట్టు కుర్రాళ్ళు పెద్దయ్యాక చెప్పారు. చనిపోయిన స్నేహితుల కోసం ఏడవడానికి కూడా ఆ పిల్లలకు అవకాశం లేకుండా పోయింది. నా దృష్టిలో అతను చేసిన నేరాల్లో దీన్నీ చేర్చాలి. ఏ కోర్టూ దీన్ని విచారించలేదు.

ఇక్కడ ఒక స్త్రీ గురించి చెప్పాలి. ప్రమాదం జరిగిన కాసేపటికి అటుగా వచ్చిన లారీలో లీసా కల్ప్ ఉంది. దిగి పరుగెత్తి, కొనఊపిరితో ఉన్న ఒక కుర్రాడి పక్కన కూర్చుంది. ఆ అబ్బాయి ఎవరో తెలుసుకోవాలనే తపన ఆమెను ఏళ్ళ తరబడి వదల్లేదు. చివరికి ఒక క్రీడా విలేఖరితోనూ, ఆ జట్టులో ఆడిన బాబ్ విల్కీతోనూ కలిసి ఆ జట్టు చరిత్రను పుస్తకంగా రాసింది. 2012లో వచ్చింది. జట్టుకు ఏమీ కాని ఒక బాటసారి పూనుకుంటే ఆ చరిత్ర తయారైంది.

ఆ తర్వాత జరిగింది ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1988–89 సీజనులో జట్టు 72 ఆటలు ఆడి 55 గెలిచింది. లీగ్ చివరి పోటీల్లో ఒక్కటి కూడా ఓడలేదు. 1989 మే నెలలో కెనడా జూనియర్ హాకీలో అన్నిటికన్నా పెద్దదైన మెమోరియల్ కప్పును, అదనపు సమయంలో కొట్టిన గోలుతో, 4–3 తేడాతో గెలుచుకుంది. ప్రమాదం జరిగి రెండున్నరేళ్ళు. పదహారు వేల మంది ఊరు దేశానికే విజేత అయింది. ఒక ప్రముఖ హాకీ పత్రిక ఆ ఏడాది జేమ్స్‌ను 'మ్యాన్ ఆఫ్ ద ఇయర్' అంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజుల్లో కెన్నెడీ నోరు తెరిచి ఉంటే ఎవరికి ఎదురు నిలబడాల్సి వచ్చేది? ఒక్క కోచ్‌కు మాత్రమే కాదు. నలుగురి జ్ఞాపకానికీ, కప్పుకూ, తమ చేతి డబ్బు పెట్టి జట్టును కొనుక్కున్న ప్రతి ఇంటికీ. మామూలుగా యజమాని అన్యాయం చేస్తే ఊరు ఎదురు తిరుగుతుంది. ఊరే యజమాని అయితే ఎవరు తిరుగుతారు? అలాగని ఉమ్మడి యాజమాన్యం చెడ్డదని నేననడం లేదు. మన మహిళా సంఘాల పొదుపు డబ్బు విషయంలో లెక్కలడిగే పద్ధతి పెట్టుకున్నాం కదా. పిల్లల విషయంలో వాళ్ళు అలాంటిది పెట్టుకోలేదు. అంతే.

అదే ఊరు, అవే సంవత్సరాలు – అక్కడి ఆడపిల్లలు ఏం చేస్తున్నారు? గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. దేశమంతటా దాదాపు అంతే. 1985లోనే, అంటారియో రాష్ట్రంలో జస్టిన్ బ్లేనీ అనే అమ్మాయి మగపిల్లల జట్టులో ఆడే హక్కు కోసం కోర్టుకు వెళ్ళింది. ఆటల్లో ఆడామగా తేడా చూపినా తప్పులేదని ఆ రాష్ట్ర మానవహక్కుల చట్టంలో ఒక నిబంధన ఉండేది. అంటారియో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. స్త్రీల ప్రపంచ హాకీ పోటీలు అధికారికంగా మొదలైంది 1990లో, ఒట్టావాలో. అప్పుడు కెనడా అమ్మాయిలకు గులాబీ రంగు చొక్కాలు తొడిగారు! నవ్వొస్తుంది. కాని ఆ అమ్మాయిలు ఆ రంగు చొక్కాలతోనే కప్పు గెలిచారు.

కెన్నెడీ పెద్ద లీగుకు వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు ఆడాడు. తాగుడు, మత్తుమందులు, ఎక్కడా నిలకడ లేకపోవడం. పత్రికలు 'ప్రతిభ ఉండీ పాడుచేసుకున్నాడు' అని రాశాయి. 1996లో కాల్గరీ పోలీసుల దగ్గరకు వెళ్ళి మొత్తం చెప్పాడు. ఇంకా పెద్ద లీగ్ ఆటగాడిగా ఉండగానే. జేమ్స్ అప్పటికి ఆ నగరంలోనే మరో జూనియర్ జట్టుకు కోచ్. 1997 జనవరి 2న జేమ్స్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. కెన్నెడీ మీదా, పేరు బయటపెట్టని మరో ఆటగాడి మీదా కలిపి దాదాపు 350 సార్లు. శిక్ష మూడున్నరేళ్ళు.

ఈ కేసులో మనవాళ్ళ చెయ్యి ఉందని చాలామంది గమనించలేదు. మనవాళ్ళంటే స్త్రీల ఉద్యమం. కెనడాలో 1983 జనవరి దాకా చట్టంలో ఉన్నది 'రేప్'. అది స్త్రీ మీద, భార్య కాని స్త్రీ మీద, పురుషుడు చేసేది మాత్రమే. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడి దాన్ని మార్పించాయి. దాని స్థానంలో 'లైంగిక దాడి' అనే నేరం వచ్చింది. బాధితులు ఎవరైనా కావచ్చు. భర్తకున్న మినహాయింపు పోయింది. బాధితురాలి మాటకు మరో సాక్ష్యం తోడుండాలన్న నియమం పోయింది. జరిగిన వెంటనే చెప్పకపోతే నమ్మక్కర్లేదన్న పాత సూత్రం కూడా పోయింది. ఏళ్ళ తర్వాత, వేరే సాక్షి లేకుండా, ఒక మగవాడు పోలీసు స్టేషన్‌కు వెళ్ళి చెప్తే కేసు నిలబడిందంటే దాని వెనక ఈ మార్పు ఉంది. స్త్రీల కోసం స్త్రీలు కొట్లాడి తెచ్చుకున్న చట్టం ఒక మగపిల్లవాడికి అక్కరకొచ్చింది. స్త్రీవాదులు మగవాళ్ళ బాధ పట్టించుకోరని వాదించేవాళ్ళు మీకు ఎదురవుతూనే ఉంటారు. వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

మన దగ్గర ఈ విషయం ఇంకా చిక్కు. మగపిల్లల మీద అత్యాచారం జరిగితే 2012 దాకా ఉన్నది 377 సెక్షనే. ఆ ఏడాది నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమల్లోకి వచ్చాక, బాధితులు ఆడపిల్లా మగపిల్లవాడా అన్న తేడా లేకుండా పోయింది. నమ్మకం, అధికారం ఉన్న స్థానంలో ఉండి చేసినవాడికి ఎక్కువ శిక్ష కూడా అందులో ఉంది. కోచ్, వార్డెన్, ట్యూషన్ మాస్టారు అందరూ అందులోకి వస్తారు. పెద్దవాళ్ళ విషయంలో మాత్రం 2013లో రేప్ చట్టంలో నిందితుణ్ణి 'వ్యక్తి' అంటే అది తిరిగి స్త్రీల మీదే కేసులకు దారితీస్తుందని మనం వ్యతిరేకించాం. ఆ వాదన సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కాని 2024 జులై నుంచి అమలైన కొత్త న్యాయ సంహితలో 377 తీసేసి దాని చోట ఏమీ పెట్టలేదు. పద్దెనిమిది దాటిన ఆటగాడికి ఇదే జరిగితే లైంగిక నేరంగా ఫిర్యాదు చేయడానికి సరైన సెక్షనే లేదు. దీని మీద మనం వైఖరి తీసుకోవాలి.

మళ్ళీ కథలోకి వస్తాను. శిక్ష పడ్డాక లారా రాబిన్సన్ అనే పాత్రికేయురాలు 1998లో ఒక పుస్తకం వేసింది. ఆమె స్వయంగా క్రీడాకారిణి. జూనియర్ హాకీలో కొత్త పిల్లల్ని చేర్చుకునేటప్పుడు జరిపే అవమానకర తంతుల గురించీ, ఆటగాళ్ళ చేతుల్లో చిన్న ఊళ్ళ అమ్మాయిలు పడ్డ హింస గురించీ రాసింది. దేశమంతా 'ఒక చెడ్డ కోచ్' అని మాట్లాడుకుంటున్నప్పుడు ఆమె రెంటినీ ఒక దగ్గర పెట్టి చూసింది. తన మీద హింస జరిగితే నోరు మూసుకోవడం నేర్పే గది, మరొకరి మీద హింస చెయ్యడం కూడా నేర్పుతుందని ఆమె వాదన. చాలామందికి ఇది రుచించలేదు. కెన్నెడీకి సానుభూతి చూపించడం సులువైంది, అమ్మాయిల్ని నమ్మడం అంత సులువు కాలేదు.

జేమ్స్ శిక్షలో సగం కూడా లోపల లేడు. విడుదలయ్యాక స్పెయిన్ వెళ్ళి అక్కడ మళ్ళీ కోచ్ పని చేశాడు. 2007లో జాతీయ పెరోల్ బోర్డు అతనికి క్షమాభిక్ష ఇచ్చింది. యాభై డాలర్ల రుసుము కట్టి దరఖాస్తు చేసుకుంటే దాదాపు అందరికీ వచ్చేదే. నేరం రికార్డు పక్కకు పోయింది. ఈ సంగతి బాధితులకు ఎవరూ చెప్పలేదు. 2010 ఏప్రిల్‌లో పత్రికల వల్ల తెలిసింది. దాని మీద చెలరేగిన కోపంతో ప్రభుత్వం చట్టాలు మార్చింది. పిల్లల మీద లైంగిక నేరం చేసినవాళ్ళకు ఆ సదుపాయం తీసేసింది. 'క్షమాభిక్ష' అన్న మాటే పోయి 'రికార్డు నిలుపుదల' అన్నారు. ఇందులో ఒక సంగతి నాకు ఇబ్బందిగా ఉంది. ఆ కోపంలో చిన్న చిన్న నేరాలకు శిక్ష పడ్డ పేదవాళ్ళకూ దరఖాస్తు రుసుము యాభై నుంచి ఆరువందల ముప్పై ఒక్క డాలర్లకు పెరిగిపోయింది. ఒక ఘోరమైన కేసును చూపి చట్టాన్ని కఠినం చేసినప్పుడు దెబ్బ ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి. మనకిది తెలియని సంగతి కాదు.

2009లో థియోరెన్ ఫ్లూరీ అనే పేరున్న ఆటగాడు తన ఆత్మకథలో జేమ్స్ తననూ పాడుచేశాడని రాశాడు. 2012 మార్చిలో, ఫ్లూరీ, మరో ఆటగాడి కేసుల్లో జేమ్స్‌కు రెండేళ్ళ శిక్ష పడింది. అది తక్కువని 2013లో మానిటోబా అప్పీలు కోర్టు అయిదేళ్ళు చేసింది. 2015లో మరో పాత ఆటగాడి ఫిర్యాదు మీద స్విఫ్ట్ కరెంట్ కోర్టులోనే, వీడియో ద్వారా హాజరై, నేరం ఒప్పుకున్నాడు. ఇంకో రెండేళ్ళు. 2016లో పెరోల్ మీద బయటకొచ్చాడు.

చివరగా డబ్బు సంగతి. ఇది మన పనికి నేరుగా సంబంధించింది. కెనడాలో హాకీ మొత్తాన్ని నడిపే హాకీ కెనడా అనే సంస్థ 2022లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడాల్సి వచ్చింది. 2018లో లండన్ అనే పట్టణంలో జాతీయ జూనియర్ జట్టు ఆటగాళ్ళు తన మీద అత్యాచారం చేశారని ఒక యువతి వేసిన దావాను ఆ సంస్థ చడీచప్పుడు లేకుండా డబ్బిచ్చి సర్దుబాటు చేసుకుంది. క్రిమినల్ కేసు తర్వాత నడిచి, 2025 జులైలో అయిదుగురు నిందితుల్నీ కోర్టు నిర్దోషులంది. ఆ తీర్పు గురించి మరో రోజు వివరంగా మాట్లాడుకోవాలి. నేను చెప్పేది సర్దుబాటు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతి. 1989 నుంచి లైంగిక హింస ఫిర్యాదుల్లో 21 మందికి 89 లక్షల డాలర్లు చెల్లించామని సంస్థ ఒప్పుకుంది. ఆ యువతికిచ్చింది ఇందులో కలపలేదు. ఈ మొత్తంలో 68 లక్షలు ఒక్క జేమ్స్ బాధితులకే. ఎక్కువ భాగం ఇచ్చింది ఒక ప్రత్యేక నిధి నుంచి. ఆ నిధిలోకి డబ్బు వచ్చేది చిన్నపిల్లలు ఆటలో చేరేటప్పుడు తల్లిదండ్రులు కట్టే రుసుములోంచి. తల్లులు తాము కట్టిన డబ్బు దేనికి పోతోందో తెలియకుండానే కట్టారు. ఈ సంగతి బయటపడ్డాక ఆ ఏడాది అక్టోబరులో సంస్థ ముఖ్య అధికారి, డైరెక్టర్లందరూ తప్పుకోవాల్సి వచ్చింది.

బాధితులకు పరిహారం అందడం న్యాయమే. రహస్యంగా ఇవ్వడం వల్ల ఏమైంది? తర్వాతి పిల్లవాణ్ణి పంపే తల్లికి హెచ్చరిక అందలేదు.

కెన్నెడీ తర్వాతి కాలంలో కాల్గరీలో పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టించడంలోనూ, కోచ్‌లకూ తల్లిదండ్రులకూ శిక్షణ ఇవ్వడంలోనూ మునిగిపోయాడు. 1998లో చక్రాల బూట్లతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి నిధులు సేకరించాడు. 2018 ఏప్రిల్ 6న అదే రాష్ట్రంలో హంబోల్ట్ ఊరి జూనియర్ జట్టు బస్సు లారీని ఢీకొని 16 మంది చనిపోయారు. ఆ జట్టు పేరు కూడా బ్రాంకోసే. కెన్నెడీ, 1986 బస్సులో బతికిన మరికొందరు వెంటనే బయల్దేరి హంబోల్ట్ వెళ్ళారు. బతికినవాళ్ళ పక్కన, కుటుంబాల పక్కన కూర్చున్నారు. మాట్లాడండి, ఎవర్నైనా పిలిపించుకోండి, ఒంటరిగా ఉండకండి అని చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందట తమకు ఎవరూ చెప్పనిది.

ఇక మధ్యాహ్నం బృంద చర్చకు నేను ఇవ్వదలచుకున్న ప్రశ్నలు మూడే. మీ ప్రాంతంలో హాస్టలు గాని, ఆటల శిబిరం గాని, కోచింగు సెంటరు గాని తీసుకోండి. అక్కడ పిల్లల తిండీ బట్టా చూసే ఆడవాళ్ళెవరు? వంట చేసే ఆమె, ఆయా, స్వీపరు. వాళ్ళకు ఏదైనా అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో తెలుసా? చెప్పాక వాళ్ళ ఉద్యోగం ఉంటుందా? పోక్సో చట్టం తెలిసినవాళ్ళు చెప్పి తీరాలంటుంది, చెప్పకపోతే శిక్ష అంటుంది. నెలకు నాలుగు వేల జీతం మీద, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే వంటామె విషయంలో ఆ మాటకు అర్థమేమిటో మీ జిల్లాల అనుభవాలతో చెప్పండి. రాసుకుందాం.